ఏడు మేకుల అడ్వాన్సు

మా అమ్మమ్మ ఇంట్లో మొన్నటిదాకా కుర్చీ ఒక్కటే. అందులో మా తాతయ్య కూర్చుని ఉంటాడు. ఎవరొచ్చినా లేవడు. లేవమని అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు, ఎందుకంటే ఆయన పోయి పదకొండేళ్ళు దాటింది. కుర్చీలో ఉన్నది ఆయన ఫోటో.

ఫోటో అంటే అరచేతిలో పట్టేది కాదు. కండక్టరు దుస్తుల్లో, భుజాన తోలుసంచీతో, నడుము దాకా తీయించుకున్న పెద్ద ఫోటో. చెక్క ఫ్రేము, ముందు అద్దం. కుర్చీ వీపుకి ఆనించి పెడితే నిజంగా మనిషి కూర్చున్నట్టే ఉంటుంది. ఒకసారి కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను గుమ్మంలో నిలబడి, "సార్, మీటరెక్కడుందండీ?" అని ఆయన్నే అడిగాడు. అమ్మమ్మ లోపల్నుంచి, "ఆయన్నడిగితే టికెట్టు కొడతాడు గానీ మీటరు చూపించడు బాబూ, ఇటు రా" అంది.

తమాషా ఏమిటంటే, బతికుండగా తాతయ్య కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. ముప్పై రెండేళ్ళు బస్సులో నిలబడి తిరిగాడు. ఆ నిలబడటం ఇంటికి కూడా వచ్చేసింది. అన్నం నిలబడి తినేవాడు, పేపరు నిలబడి చదివేవాడు. కూర్చోమంటే "సీట్లు టికెట్టు కొన్నవాళ్ళవే" అనేవాడు. మనిషి కాళ్ళకి విశ్రాంతి దొరికింది ఫోటో అయ్యాకే. అదీ నడుము దాకానే తీశారు, కాళ్ళు ఫోటోలోకి రాలేదు.

ఆయన కుర్చీలోకి ఎలా వచ్చాడో చెప్పాలంటే అడ్వాన్సుల సంగతి చెప్పాలి.

నేను ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు సర్ది కట్టే పని చేస్తాను. గాజు సామాను కాగితాల్లో చుట్టడం, అట్టపెట్టెలకి టేపు వేయడం. అందుకని ఇంటి ఓనర్లూ అద్దెవాళ్ళూ చివరిరోజున ఎలా మాట్లాడుకుంటారో నాకు తెలిసినంత చదువుకున్నవాళ్ళకి కూడా తెలియదు. చేరేరోజున అడ్వాన్సు నవ్వుతూ ఇస్తారు, నవ్వుతూ తీసుకుంటారు. వెళ్ళేరోజున కుళాయి ఎప్పట్నుంచో కారుతూ ఉంటుంది, గడియ వదులై ఉంటుంది, గోడ మీద పిల్లాడు గీసిన ఏనుగు ఉన్నట్టుండి నిజం ఏనుగంత అయిపోతుంది. తాతయ్య దీన్నంతా ఒక్క ముక్కలో తేల్చేవాడు. "అడ్వాన్సంటే టికెట్టు వెనకాల రాసిచ్చే చిల్లర. దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని అడిగినవాడికే దక్కుతుంది. కండక్టరు తనంతట తను గుర్తుచేయడు."

అంత తెలిసినవాడూ మొదటి ఇంట్లో బోల్తాపడ్డాడు. ఆ ఇంట్లో గోడలన్నీ ఆయనవే అనుకున్నాడు. సంచీకో మేకు, టోపీకో మేకు, గొడుక్కో మేకు, క్యాలెండరుకో మేకు, పోయినేడాది క్యాలెండరు పారేయబుద్ధి కాక దానికో మేకు. ఖాళీ చేసేరోజున ఆ ఇంటి ఓనరు గోడల వెంబడి నడుస్తూ వేలు పెట్టి లెక్కపెట్టాడు. పద్నాలుగు కన్నాలు. మేస్త్రీ ఖర్చని, రంగు ఖర్చని అడ్వాన్సులో సగం పైన ఉంచేసుకున్నాడు.

అమ్మమ్మ తాతయ్యతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదోరోజున మాట్లాడింది.

"ఇంక ఈ జన్మలో మీరు గోడకి మేకు కొట్టారంటే నామీద ఒట్టే."

"ఒక్కటి కూడానా?"

"సగం కూడా వద్దు."

"అయితే రేపు నేను పోతే నా ఫోటో ఎక్కడ తగిలిస్తావోయ్?"

"కుర్చీలో కూర్చోబెడతా. ఎలాగూ మీరు జన్మలో కూర్చున్న పాపాన పోలేదుగా."

ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ నవ్వు ఖరీదు తర్వాత తెలిసింది. రెండో అద్దె ఇంట్లో ఒక్క మేకూ కొట్టకుండా తొమ్మిదేళ్ళు బతికి, తాతయ్య అక్కడే పోయాడు. సంచీని మాత్రం తలుపు గడియకి తగిలించుకునేవాడు. గడియ వేయాలంటే సంచీ తీయాలి, సంచీ తగిలించాలంటే గడియ తీయాలి. ఆయనింట్లో ఉన్నంతసేపూ తలుపు తెరిచే ఉండేది.

ఆయన పోయాక మా అమ్మ తనతో వచ్చేయమంది. మాదీ ఒకటిన్నర గదే, అందులో మేం అయిదుగురం. "ఆ సగం గదిలో నేను నిలబడాలా, మీ నాన్న నిలబడాలా?" అని అమ్మమ్మ రానంది. వెతికి వెతికి ఒంటిగది చూసుకుంది. కింద రెండు వాటాలు, పైన ఇంటి ఓనరు. మూడు నెలల అద్దె అడ్వాన్సు.

ఆ ఓనరుకి తర్వాత మేం పెట్టుకున్న పేరు వలెనుగారు. ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనాయన. ఇంటినిండా అట్టముక్కల మీద ఆయన దస్తూరీయే. గేటు వేయవలెను. కుళాయి కట్టవలెను. మెట్లపై నిదానముగా నడువవలెను. మాట్లాడేటప్పుడు కూడా అంతే. "అమ్మా, అద్దె అయిదో తారీఖులోగా ఇవ్వవలెను." అద్దెకిచ్చిన గదిలో ఓనరు అడుగుపెట్టరాదని తనకి తనే ఒక నియమం పెట్టుకుని, అమ్మమ్మ అక్కడున్న పదకొండేళ్ళలో, ఖాళీ చేసేరోజు దాకా, ఒక్కసారి కూడా గడప దాటి లోపలికి రాలేదు. ఇవన్నీ మాకు తర్వాత్తర్వాత తెలిశాయి. చేరేరోజున మాకు తెలిసిందల్లా ఆయన ఇచ్చిన ఒక కాగితం.

అమ్మమ్మకి అంకెలొచ్చు, అక్షరాలు రావు. నేనప్పుడు తొమ్మిదో క్లాసు సగంలో మానేసి తాజాగా ఇంట్లో కూర్చున్నాను. చదువుకున్నదాన్ని అని నాకంటే అమ్మమ్మకే ఎక్కువ నమ్మకం.

"ఏమే, మేకుల గురించి ఏమైనా రాశాడా చూడు."

చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి గానీ కాగితం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కిక్కిరిసి ఉంది. మేకులు అన్న మాట దొరికింది. ఆ వరస చివరిదాకా చదివాను. కింద వరసలో 'అడ్వాన్సులో కోత' అనే మాట కళ్ళబడింది.

"ఈ గోడలకి ఏడు మేకులున్నాయట. నువ్వు ఖాళీ చేసేనాటికి అవి ఉండకూడదట. ఉంటే అడ్వాన్సులో కోతేనట."

"చూశావా! కొట్టిన మేకులు వాళ్ళవి, కోత మనకి. అన్ని ఇళ్ళూ అంతే." అమ్మమ్మ కొంగు దోపింది. "ఎప్పుడో ఖాళీ చేసేనాటికి కాదు, ఇవాళే పీకేద్దాం. రేపు అవి నేనే కొట్టానంటే?"

ఏడు మేకులూ ఆ మధ్యాహ్నమే పీకేశాం. దర్జీలు గుడ్డ మీద గీసే సుద్దని అమ్మమ్మ పొడి చేసి, తడిపి కన్నాల్లో కూరింది. ఆరాక పైన సున్నం అద్దింది. అంత నున్నగా మేస్త్రీ కూడా చేయలేడు. మేకుల్ని పాత గుండీల డబ్బాలో వేసి, కాగితం మడిచి మీద పెట్టి మూత బిగించింది. తర్వాత గది మధ్యలో నిలబడి, చేతుల్లో ఫోటో పట్టుకుని నాలుగు గోడలకేసీ చూసింది. మంచానికి ఎదురుగోడ దగ్గర కాస్త ఎక్కువసేపు చూసింది. చివరికి తాతయ్యని కుర్చీలో కూర్చోబెట్టింది.

"అన్నమాట నిలబెట్టుకున్నావన్నమాట" అన్నాను నవ్వుతూ.

"నోర్ముయ్" అంది.

అమ్మమ్మ పని కాజాలు తీయడం. చొక్కాకి గుండీ దూరే కన్నం ఉంటుంది కదా, దాని అంచంతా దారంతో కట్టి పోగు ఊడకుండా చేయడం. టైలరు మాస్టరు కుట్టిన చొక్కాలు మూటకట్టి తెచ్చుకునేది. చొక్కాకి ఏడు కాజాలు. "సగం ఊరికి కన్నాలు పెట్టినదానివి, గోడకి ఒక్క కన్నం పెట్టుకోలేవా?" అని నేను ఏడిపించేదాన్ని. "చొక్కా వేసుకున్నవాడు నాకు అడ్వాన్సు తిరిగిస్తాడుటే?" అనేది. తర్వాత కాజాల మిషను వచ్చింది. మూటలు చిన్నవయ్యాయి. చేతికాజాయే కావాలనే పదిమంది ముసలి పట్టుదలవాళ్ళ చొక్కాలు మాత్రం మిగిలాయి. అయినా మంచం మీద ఎప్పుడూ చొక్కాలుండేవి, మడత నలుగుతుందని ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. తను గుమ్మం దగ్గర నేలమీద చాప వేసుకుని కుట్టేది.

అంటే లెక్క చూడండి. మంచం మీద చొక్కాలు. చాప మీద అమ్మమ్మ. కుర్చీలో తాతయ్య. వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి?

పక్కవాటా ఆవిడ మొదట్లో రోజూ వచ్చేది. మంచి మాటకారి. కుర్చీవంక ఒకసారి చూసి, మంచంవంక ఒకసారి చూసి, గోడకి ఆనుకుని నిలబడి కబుర్లు చెప్పేది. కాళ్ళు మార్చి మార్చి నిలబడేది. కొన్నాళ్ళకి గుమ్మంలో నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. తర్వాత తన గుమ్మంలోంచే మాట్లాడేది, కాస్త గట్టిగా. ఆ తర్వాత మాట పోయి చెయ్యి ఊపడం మిగిలింది. ఒకరోజు ఆ వాటా ఖాళీ అయింది. ఆమె వెళ్ళిన సంగతి అమ్మమ్మకి మర్నాడు తాళం చూశాకే తెలిసింది.

నేను వారానికోసారి వెళ్ళేదాన్ని. నేనూ నిలబడేదాన్నే. ఒకసారి తాతయ్యని ఎత్తి మంచం కింద పెట్టి కూర్చోబోయాను. అమ్మమ్మ కత్తెర చూపించింది. పొద్దున్నే మాస్టరు కొట్టుకి వెళ్ళేటప్పుడు కుర్చీని కిటికీవైపు తిప్పి వెళ్ళేది. "కండక్టరు కదే, ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ చూడకపోతే తోచదు." వచ్చాక మళ్ళీ తనవైపు తిప్పుకునేది. ఆ గదిలో రోజూ జరిగే రాకపోకలు అవి రెండే.

పదకొండేళ్ళు అలా గడిచాక, వలెనుగారు ఒకరోజు గడప అవతల నిలబడి, "అమ్మా, మా మనవడికి ఈ ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా గది ఖాళీ చేయవలెను" అన్నారు.

గది వెతకడం నా వంతయింది. ఒంటరి ముసలావిడంటే ఇవ్వడానికి భయం. "ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు?" అని అడిగి తలుపేసినవాళ్ళు అరడజను మంది. చివరికి ఒక ఇస్త్రీకొట్టు వెనకాల గది దొరికింది. ఇస్త్రీ ఆవిడదే ఆ గది. సూటిగా మాట్లాడే మనిషి. "మూడు నెలల అడ్వాన్సు, ఒక నెల అద్దె ముందే. టోకెన్ ఇస్తే ముప్పయ్యో తారీఖు సాయంత్రం దాకా ఆపుతాను. ఆ పూట దాటితే టోకెన్ తిరిగివ్వను, గది ఇంకొకళ్ళకిస్తాను. ఏమీ అనుకోవద్దు పెద్దమ్మా, నాక్కూడా పొయ్యి వెలగాలి."

అమ్మమ్మ టోకెన్ ఇచ్చింది. దాచుకున్నదంతా కూడినా ఒక నెల అద్దె దాకానే వచ్చింది. మిగతా మూడు నెలలదీ వలెనుగారి దగ్గరున్న అడ్వాన్సు వస్తేనే. అద్దె పెంచినప్పుడల్లా ఆ తేడా అడ్వాన్సులో కూడా కలపాలన్నారాయన, కలుపుతూ వచ్చింది, కొత్త గది అద్దె కూడా అంతే కాబట్టి మొత్తం వస్తే సరిగ్గా సరిపోతుంది. ఒక్క రోజు అద్దె కోసినా చాలదు. నేను సర్దుతానంటే, "నీ పెళ్ళికి ఇవ్వాల్సినదాన్ని నీ దగ్గర తీసుకుంటానా? ఎందుకు కోస్తాడు? గోడలు చూసుకోమను" అంది. ఆ గోడల మీద అంత ధీమా.

ముప్పయ్యో తారీఖు పొద్దున్నే నేను అట్టపెట్టెలతో వెళ్ళాను. సామానెంత, గంటలో కట్టేశాను. తాతయ్య మాత్రం కుర్చీలో ఉన్నాడు, చివర్లో ఎక్కుతాడని. కండక్టర్లు ఎప్పుడూ అందరూ ఎక్కాకే ఎక్కుతారు.

వలెనుగారు వచ్చారు. చేతిలో తన కాగితం, టార్చిలైటు. పగటిపూట టార్చిలైటు వేసి గోడలు చూశారు. అమ్మమ్మ ఆయన వెనకాలే, బహుమతి తీసుకోబోయే పిల్లలా నడిచింది. ఆయన నాలుగు గోడలూ చూసి, మళ్ళీ మొదటి గోడ దగ్గరికొచ్చి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మేకులేవమ్మా?"

"ఒక్క మేకూ కొట్టలేదండీ. కావాలంటే చెయ్యిపెట్టి చూసుకోండి."

"కొట్టారా అని అడగలేదు. ఏవీ అంటున్నాను."

"అదేనండీ, లేవు."

"లేవనే అంటున్నాను నేను కూడా. ఉండవలెను కదా!"

ఇద్దరూ ఒకే మాట మీద ఉండి కూడా పోట్లాడుకోవడం నేను చూడటం అదే మొదలు. వలెనుగారు కాగితం విప్పి, వేలు పెట్టి, కోర్టులో చదివినట్టు చదివారు. "గోడలకు మేకులు ఏడు కలవు. ఖాళీ చేయునాటికి అవి గోడలకు ఉండవలెను. లేనియెడల అడ్వాన్సులో కోత విధింపబడును."

నేను గుండీల డబ్బా పెట్టెలోంచి తీసి, అమ్మమ్మ కాగితం విప్పాను. పదకొండేళ్ళ తర్వాత ఆ వరస మళ్ళీ చదివాను. 'ఖాళీ చేయునాటికి అవి గోడలకు ఉండవ' దగ్గర కాగితం అంచు వచ్చేసింది. కాగితం పొదుపుచేసే మనిషి కదా, మాటని అక్కడే విరిచి, గీతైనా పెట్టకుండా, మిగిలిన 'లెను' కింద వరసలో రాశారు. నేను 'ఉండవ' దాకా చదివి, మిగతాది 'ద్దు' అని నేనే కలిపేసుకున్నాను. 'లెను' నా కంటికి కనపడలేదా, కనపడినా అక్కర్లేదనిపించిందా, ఇప్పుడు చెప్పలేను. తొందరగా చదివేసి బయటికి పోవాలని మాత్రం గుర్తుంది.

"ఏం రాసుందే అందులో?" అంది అమ్మమ్మ.

"ఆయన చదివిందే."

"మరి ఆరోజు?"

కాగితం మడతపెట్టాను. అమ్మమ్మ నావంక చూసింది. తర్వాత కుర్చీవంక చూసింది. ఆ రెండో చూపు నేను భరించలేకపోయాను.

వలెనుగారికి ఇదేమీ పట్టలేదు. "అద్దెకొచ్చిన ప్రతివాళ్ళూ తలా ఒకచోట కొట్టి గోడ పాడుచేస్తున్నారని, నేనే ఏడుచోట్ల గోడలో చెక్కముక్కలు దిగ్గొట్టించి, వాటిమీద మేకులు వేయించాను. బట్టలకీ, అద్దానికీ, ఫోటోలకీ. మళ్ళీ మేస్త్రీని పిలవాలంటే ఒక నెల అద్దె కోయవలసి వస్తుంది."

ఒక నెల అద్దె. ఇస్త్రీ ఆవిడ గది అక్కడితో పోయినట్టే.

అమ్మమ్మ నా చేతిలోంచి డబ్బా లాక్కుంది. అరచేతిలో ఒంపింది. ఏడు మేకులు. తుప్పు లేదు. కుట్టుమిషను నూనె రాసి, గుడ్డముక్కలో చుట్టి దాచింది. "మీ సొమ్ము ఎక్కడికీ పోలేదండీ. ఇవిగో."

"డబ్బాలో కాదమ్మా. గోడలకు ఉండవలెను."

"అయితే సుత్తి ఇప్పించండి."

"గోడంతా వెతుకుతూ కొడితే ఊరుకోను. పాత కన్నంలోనే, చెక్కలోనే దిగవలెను. ఎక్కడున్నాయో మీకేం తెలుసు?"

అమ్మమ్మ గోడ దగ్గరికెళ్ళి, కళ్ళు మూసుకుని చేత్తో తడిమింది. "ఇక్కడ" అంది. గోరుతో గీరితే సుద్ద రాలి కన్నం బయటపడింది. ఒక అడుగు వేసింది. "ఇక్కడ." మళ్ళీ, "ఇదిగో." చీకట్లో చొక్కాకి కాజాలు తడుముకున్నట్టు ఏడూ చూపించింది. ఒక్కటీ తప్పలేదు. పదకొండేళ్ళుగా ఆమె ఆ ఏడు చోట్లనీ ఎన్నిసార్లు చూసుకుందో అప్పుడు నాకు తెలిసింది.

ఆరు మేకులు నేను కొట్టాను. ఏడోది, మంచానికి ఎదురుగోడది, అమ్మమ్మ కొట్టింది. రెండు దెబ్బలు గురితప్పాయి గానీ గోడ మీద పడలేదు, బొటనవేలి మీద పడ్డాయి. అబ్బా అని కూడా అనలేదు. వలెనుగారు ఒక్కో మేకూ పట్టుకుని ఊపి చూశారు.

"బరువు ఆగుతుందో లేదో కూడా చూసుకోండి మరి" అంది అమ్మమ్మ. ఆయన ఔననేలోగా కుర్చీలోంచి తాతయ్యని లేపి, ఆ ఏడో మేకుకి తగిలించింది.

ఫోటో తిన్నగా నిలిచింది. వలెనుగారు తృప్తిగా తలూపి, డబ్బు తేవడానికి పైకెళ్ళారు.

కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, చీర సర్దుకుని, కొత్తగా బస్సెక్కినదానిలా అంచున కూర్చుంది. ఎదురుగా గోడమీద తాతయ్య. ఆయన నిలబడి ఉన్నాడు, ఈవిడ కూర్చుని ఉంది. చాలాసేపు చూసుకున్నారు. నేను అట్టపెట్టెకి వేసిన టేపునే మళ్ళీ వేస్తూ కూర్చున్నాను.

"తొమ్మిది క్లాసులు చదివి ఏడు మేకులు చదవలేకపోయావుటే" అంది అమ్మమ్మ, ఆయనమీంచి చూపు తిప్పకుండానే.

"ఎనిమిదిన్నర."

"ఆ సగంలోనే ఉందేమో."

"అమ్మమ్మా, తిట్టు. తిడితే నాకు కాస్త బాగుంటుంది."

"తిట్టి ఏం చేస్తాను." బొటనవేలు నోట్లో పెట్టుకుని తీసింది. "ఒకటి చెప్తాను విను. ఈ కుర్చీ ఖాళీగా ఉండి ఉంటే, ఇందులో ఎవరైనా వచ్చి కూర్చుంటారని రోజూ ఎదురుచూసేదాన్ని. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఆయన కూర్చున్నాడు కాబట్టి, చోటు లేక రాలేదులే అనుకునేదాన్ని. ఆ మాట ఎంత పనికొచ్చిందో నీకు తెలీదు."

వలెనుగారు మెట్లమీద నిదానముగా దిగుతూ వచ్చారు. మొత్తం అడ్వాన్సు ఇచ్చారు, ఒక్క నోటు కూడా తగ్గలేదు. ముట్టినట్టు వేలిముద్ర వేయవలెనన్నారు. వాచిన వేలితోనే వేసింది. తర్వాత, ఏమనుకున్నారో, గడప దాటబోయేవారు ఆగి, "ఫోటో అక్కడ బాగుందమ్మా. ఆ మేకు దానికే అన్నట్టుంది" అన్నారు. పాపం, మంచిమాటే అనబోయారు. అమ్మమ్మ ఫోటో దించేసింది.

సాయంత్రం కాకుండానే ఇస్త్రీ ఆవిడకి డబ్బు ముట్టింది. ఆవిడ కాగితం ఇస్తే అమ్మమ్మ నాచేత మూడుసార్లు చదివించింది. వరస మారినప్పుడల్లా "కింద వరసలో ఏముందో అది కూడా చదువు" అంది. కాగితంలో మేకుల మాటే లేదు. అడిగితే ఇస్త్రీ ఆవిడ నవ్వింది. "మీ ఇష్టం పెద్దమ్మా, ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోండి. ఆ గోడ ఎలాగూ ఇస్త్రీ పొగకి నల్లబడిందే."

నేను దారిలో కొన్న మేకు, సుత్తి తీసుకుని గోడ దగ్గరికెళ్ళాను. "ఎక్కడ కొట్టను?"

అమ్మమ్మ గది మధ్యలో ఫోటో పట్టుకుని నిలబడింది. నాలుగు గోడలకేసీ చూసింది. బయట ఇస్త్రీకొట్టు దగ్గర ఎవరెవరో నవ్వుకుంటున్నారు. మాకెవరూ తెలియదు.

"ఇవాళొద్దులే" అంది. "ఇక్కడ ఇంకా ఎవరూ తెలీదు కదా. కొన్నాళ్ళు కూర్చోనీ." కుర్చీని కిటికీవైపు తిప్పి, తాతయ్యని కూర్చోబెట్టి, చాప పరుచుకుంది.

నేను సుత్తి అక్కడే ఉంచి వచ్చాను.

తర్వాతి వారం ఒక కుర్చీ కొని తీసుకెళ్ళాను, మడతపెట్టేది. అమ్మమ్మ దాన్ని విప్పి చూసి, ఊపి చూసి, గట్టిదే అని మెచ్చుకుంది. నేను చెప్పులు విడిచి వచ్చేలోపు దానిమీద నాలుగు చొక్కాలు పేర్చేసింది.

చొక్కాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"మడత నలుగుతుందే" అంది.

"నలగనీ."

"నీకు పని లేదూ?"

"ఉంది."

అమ్మమ్మ సూదిలో దారం ఎక్కించింది.